కొలతకు దిగిన లారీ

హరప్పా ప్రజల ఎడ్లబండి ఏ తీరున ఉండేదో ఈనాడు మనకు చాలావరకు తెలుసు. దానిని చూచినవారు లేరు. చూచి వ్రాసిపెట్టినవారూ లేరు. ఆ బండి కర్రతో చేసినది గనుక నాలుగు వేల యేండ్ల వానకు, చెదలకు నిలువలేదు. నిలిచినవి పిల్లలు ఆడుకొన్న మట్టిబండ్లు. హరప్పా, మొహెంజొదారో, చన్హుదారో త్రవ్వకాలలో దొరికిన కాల్చిన మట్టి చట్రాలను, చక్రాలను, అక్కడక్కడ దొరికిన చిన్న కంచు బండ్లను ముందు పెట్టుకొనే పండితులు పెద్దబండి రూపాన్ని ఊహించగలిగారు. చట్రానికి నిలువు గుంజలు నాటే రంధ్రాలు ఎక్కడెక్కడ ఉండేవో, రెండు ఎడ్లకు కాడి ఎట్లా పడేదో ఆ బొమ్మలే చెప్పాయి.

మన గోదావరిలో కలిసే ప్రవరా నది ఒడ్డున, మహారాష్ట్రలోని దైమాబాదులో 1974లో ఒక కంచు రథం బయటపడింది. రెండు ఎడ్లు, పొడవైన నొగ, వెనుక నిలుచుండి తోలే మనిషి. చిన్న వస్తువే. కాని ఆనాటి రథాన్ని గురించి ఇంత విశదంగా చెప్పగల సాక్షి మరొకటి దొరకడం కష్టం. శూద్రకుని మృచ్ఛకటికం సంగతి సంస్కృత నాటకాలతో పరిచయం ఉన్న వారికి చెప్పనక్కరలేదు. చారుదత్తుని కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారు బండిని చూచి, నాకీ మట్టిబండి వద్దని ఏడుస్తాడు. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండి నింపుతుంది. ఆ నగలే తరువాత న్యాయస్థానంలో సాక్ష్యమై కూర్చుంటాయి. బొమ్మబండి సాక్ష్యం మోయడం మన సాహిత్యానికి క్రొత్త కాదన్నమాట.

మన కాలపు బండి లారీ. నలగొండ, సూర్యాపేట జిల్లాల వారికి ఈ మాట మరీ బాగా వర్తిస్తుంది. హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే రహదారి మీద సూర్యాపేట, కోదాడ ఉన్నాయి. దక్షిణాన కాలువ క్రింద మిర్యాలగూడ ఉన్నది. ఈ మూడు ఊళ్ల బ్రతుకుతెరువులో లారీకి ఉన్న చోటు ఇంత అని చెప్పడం కష్టం. ఆ లారీ ఇనుముది గదా, హరప్పా బండివలె మాయమైపోదు గదా అని మనం అనుకొంటాము. ఇనుము మాయం కాకపోవచ్చు. లారీ మాత్రం మాయమవుతుంది. పాతబడిన లారీని విప్పి, ఇంజను ఒకచోటికి, హౌసింగు ఒకచోటికి, రేకు తూకానికి, తొట్టె చెక్క పొయ్యిలోకి పంపడానికి కొద్ది రోజులు చాలు. కాబట్టి ఆ లారీని చిన్న కొలతకు దించి, ఏ భాగమూ విడువకుండా, అంగడిలో దొరికే తయారు ముక్కలు వాడకుండా మొదటినుంచి చేతితో కట్టడమనే విద్యను కేవలం కాలక్షేపంగా తీసివేయ వీలులేదు. ఆ విద్య ఎక్కడ పుట్టింది, మన దారి లారీకి అది ఎట్లా పనికివస్తుంది అన్నది ఈ ప్రసంగానికి విషయం.

మొదట బొమ్మకు, నమూనాకు భేదం చెప్పుకోవలె. కోదాడ దాటి విజయవాడ వైపు పోతుంటే, ఇబ్రహీంపట్నం దగ్గర కొండపల్లి వస్తుంది. అక్కడి ఆర్యక్షత్రియ కుటుంబాలవారు తెల్లపొణికి కర్రను సన్నని సెగమీద ఆరబెట్టి, భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడితో, రంపపు పొట్టుతో చేసిన మక్కుతో అతికి, సున్నం పూసి, రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కే మనిషి — ఇవి లేనిదే మన సంక్రాంతి బొమ్మలకొలువు లేదు. ఐతే కొండపల్లి బండిలో మనిషి తల బండిచక్రమంత ఉండవచ్చు. అది దోషం కాదు. చేసేవాని దృష్టి తలమీద ఉన్నది, అంతే. నమూనాకు ఆ స్వేచ్ఛ లేదు. దానికి ఒకే ధర్మం: పెద్దదానిలో ఏ రెండు బిందువుల మధ్య ఎంత దూరమున్నదో, చిన్నదానిలో అందులో ఫలానా వంతు ఉండవలె. అంతటా అదే వంతు. తలకొక వంతు, చక్రానికొక వంతు పనికిరాదు.

ఈ ధర్మాన్ని గట్టిగా పట్టుకొన్నవారు ఓడలు కట్టేవారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు నౌకాశాఖవారికి ఓడల నమూనాలు తయారయ్యేవి. వాటి కొలత సాధారణంగా అడుగుకు పావు అంగుళం, అనగా 48వ వంతు. ఆ నమూనాలు కొన్ని నేటికీ ఉన్నాయి. ఆ ఓడలు సముద్రంలో కలిసి ఎంతకాలమైందో! రైలుబండ్ల నమూనాలు వచ్చిన తరువాత కొలతలు మరికొన్ని బయలుదేరాయి. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన 1901లో చిల్లుల పట్టీలను, మరలను బిగించి యంత్రాలు కట్టే ఆటవస్తువుకు హక్కు పొందాడు. అదే తరువాత మెకానో. ఆయన సంస్థే 1934 నాటికి డింకీ టాయ్స్ పేరుతో పోతపోసిన చిన్న మోటార్లను అమ్మింది. అవి రైలు నమూనాల ప్రక్కన స్టేషను ముందు నిలబెట్టడానికి పుట్టినవి గనుక చాలావాటికి రైలు కొలతే వచ్చింది, సుమారు 43వ వంతు. మోటారుకు ఈ విడ్డూరపు అంకె ఎందుకు వచ్చిందంటే ఇదీ కారణం. 1960ల చివర అదే డింకీ అచ్చులు కొన్ని కలకత్తా చేరి, అక్కడ నిక్కీ టాయ్స్ పేరుతో బండ్లు వచ్చాయి. మన పట్టణాల నడివయస్సు వారిలో వాటితో ఆడినవారు ఉండవచ్చు.

అమెరికాలో జరిగిన సంగతి మన విషయానికి మరీ దగ్గరిది. జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన ఫిషర్ బాడీ విభాగంవారు 1930లో బాలురకు ఒక పోటీ పెట్టారు. మోటారు పైకట్టడాన్ని బాడీ అంటారు గదా. ఆ పని తెలిసిన యువకులు తరిగిపోతున్నారని వారి చింత. మొదట నెపోలియన్ కాలపు రాజరథాన్ని కొలతకు కట్టమన్నారు. కర్ర చెక్కవలె, లోహం సాగగొట్టవలె, లోపల గుడ్డ కుట్టవలె, తలుపులు తెరుచుకొనవలె. తరువాత మోటారు కార్లకు మారి, 12వ వంతు కొలతలో బాలురు స్వయంగా రూపొందించిన కారును అడిగారు. గెలిచినవారికి విశ్వవిద్యాలయ చదువుకు వేతనాలు. ఈ పోటీ 1968 దాకా సాగింది. పిల్లలచేత బొమ్మలు చేయించి పనివారిని తయారు చేసుకోవడం వ్యాపారస్థుని ఉపాయమే, సందేహం లేదు. కాని బాడీ కట్టే పని చేతివ్రేళ్లలో నేర్చుకొనవలసిన విద్య అనీ, చిన్న కొలతలో నేర్చినది పెద్ద కొలతలో చెల్లుతుందనీ వారు గ్రహించారు.

పోటీల, కర్మాగారాల సహాయం లేకుండా ఒంటరిగా ఈ పనిని కళగా ఎత్తినవారూ ఉన్నారు. ఇంగ్లండులో జెరాల్డ్ వింగ్రోవ్ పాత మోటార్లను ఇత్తడితో, చక్రపు ఆకులు ఒక్కొక్కటిగా తీగెతో పోసి కట్టి, ఆ విధానాన్ని పుస్తకరూపంలో చెప్పాడు. లారీల విషయానికి వస్తే, 24వ వంతు కొలత ప్రపంచమంతటా స్థిరపడింది. ఇటలీ సంస్థలు యూరపు లారీలను, అమెరికా సంస్థలు తమ పొడవు మూతి లారీలను ఆ కొలతలోనో, దానికి దగ్గరి 25వ వంతులోనో పెట్టెలలో పెట్టి అమ్ముతున్నాయి. పెట్టె తెరిచి ముక్కలు అతికితే లారీ తయారు. మరి మన దారిలో తిరిగిన లారీ ఏ పెట్టెలో దొరుకుతుంది? మన దేశంలో చేసే ప్లాస్టిక్కు లారీ బొమ్మలు అంగళ్లలో ఉన్నాయి. అవి పిల్లల చేతికి తగినవే. కోదాడ లారీ తొట్టెకు ఎన్ని నిలువు గుంజలు, ఏ చోట ఇనుప పట్టా అన్నది వాటిని అడుగలేము. అది మొదటినుంచి కట్టుకోవలసినదే.

కట్టవలసిన లారీ చరిత్రను ఇప్పుడు కొంచెం చూద్దాం. గోల్కొండ సుల్తానుల కాలంలోనే రాజధాని నుంచి మచిలీపట్నం రేవుకు బండ్లు, ఎడ్లు సరుకు మోసేవి. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఆ ప్రయాణం చేసినవాడు. మోటారు యుగం ఈ ప్రాంతానికి ప్రభుత్వ లాంఛనాలతో వచ్చింది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి నేటికీ హైదరాబాదులో భద్రంగా ఉన్నది. చూడబోయినవారు దాని చుట్టూ తిరిగి, కావాలంటే కొలత తీసికోవచ్చు. బియ్యం బస్తాలు మోసిన సామాన్య లారీకి ఆ భాగ్యం ఎక్కడిది!

కోదాడ స్థానం విచిత్రమైనది. కోదాడ నిజాం రాజ్యం, జగ్గయ్యపేట ఇంగ్లీషువారి కృష్ణా జిల్లా. రెండింటి నడుమ సరిహద్దు. సరిహద్దు దగ్గర నిజాం ప్రభుత్వపు సుంకం, దానినే కరోడ్‌గిరి అనేవారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆ సరిహద్దు పోయింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడి మళ్లీ సరిహద్దు వచ్చింది. 2017 జూలై 1 నుంచి వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చి, వాణిజ్య పన్నుల తనిఖీ కోసం లారీలు వరుస కట్టే పద్ధతి తొలగిపోయింది. లారీ డ్రైవరుకు ఈ చరిత్ర ఆగవలసిన చోట్లుగా తెలుసును.

లారీలను ఇన్ని వేలుగా పెంచినది కాలువ. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరుకు పునాది వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచారు. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మెట్ట మాగాణి అయింది. వరి వెంట రైసుమిల్లు, మిల్లు వెంట లారీ. మిర్యాలగూడ ఈనాడు మిల్లుల ఊరు అంటే చాలు, వివరించనక్కరలేదు. మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి ఉండడంవల్ల సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. వాటికీ లారీయే గతి.

ఈ లారీల చాసీలు ఎక్కడివి? స్వాతంత్ర్యానికి ముందు వెనుకలలో ఫోర్డు, షెవర్లె, డాడ్జి, బెడ్‌ఫోర్డు పేర్లు వినబడేవి. 1954లో జంషెడ్‌పూరులోని టెల్కో సంస్థ జర్మనీ దేశపు డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకొని, మూడు కోణాల నక్షత్రం మూతి మీద మెరిసే లారీలను తీసింది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది; నక్షత్రం పోయి టాటా అక్షరం నిలిచింది. మద్రాసు దగ్గర ఎన్నూరులో 1948లో పుట్టిన అశోక్ మోటార్స్ 1955 నుంచి అశోక్ లేలాండ్. కనుక నమూనా కట్టేవాడు మూతిమీద నక్షత్రం పెట్టదలిస్తే, ఆ లారీ కర్మాగారం విడిచినది 1954కు, 1969కి మధ్య అని ఒప్పుకోవలె. ఆ తరువాతి కాలపు వస్తువేదీ దానికి పుట్టుకతో ఉండకూడదు.

కర్మాగారం చాలాకాలం పంపినది ఇంజను, చట్రం, చక్రాలు, ముందొక మూతి మాత్రమే. డ్రైవరు తలకు తువ్వాల చుట్టుకొని, పెట్టెమీద కూర్చుని, గాలికి ఎండకు ఆ చాసీని తోలుకొని వచ్చేవాడు. తక్కినది షెడ్డు పని. విజయవాడ ఆటోనగరులోను, రహదారి వెంబడి ఊళ్లలోను ఉన్న బాడీ షెడ్లలో వడ్రంగి, కమ్మరి, రేకు పనివాడు, రంగులవాడు కలిసి దానిని లారీ చేసేవారు. చట్రం మీద అడ్డ దూలాలు, దూలాల మీద నేల చెక్కలు, చుట్టూ నిలువు గుంజలు, గుంజలకు ప్రక్కచెక్కలు, మూలలకు ఇనుప పట్టాలు, వెనుక మడతబందుల మీద తెరుచుకొనే డాలా, క్రింద వరుసగా తాడు కొక్కేలు. ముందు క్యాబిన్ కర్రచట్రానికి రేకు తొడుగు. క్యాబిన్ నెత్తిన టార్పాలు, మోకులు పెట్టుకొనే అర. లోపల డ్రైవరు వెనుక పడుకొనే బల్ల, అద్దం పైన దేవుని పటం.

నేను చూచిన షెడ్లలో పటం అనే కాగితం ఎక్కడా కనబడలేదు. నేల మీద సుద్దముక్కతో గీత, చేతిలో అడుగుబద్ద, మేస్త్రీ తలలో తక్కినదంతా. పని ముగిసిన నాడు ఆ గీతను చీపురుతో ఊడ్చివేస్తారు. ఒక మేస్త్రీ తొట్టెకు, ఇంకొక మేస్త్రీ తొట్టెకు భేదం తెలిసినవారు దూరం నుంచే ఇది ఫలానా ఊరి బాడీ అని చెప్పగలరు. ఇదంతా ఎక్కడా వ్రాసి లేదు. ఇంగ్లండు ఓడలకు, జర్మనీ ఇంజనుకు పటాలు ఉన్నాయి. సూర్యాపేట దారి తొట్టెకు లేవు. ఇటీవల కర్మాగారాలే క్యాబిన్‌తో, కొన్నిసార్లు ఇనుప తొట్టెతో సహా లారీని పంపుతున్నాయి. క్రొత్తగా తయారయ్యే పెద్ద సరుకు లారీల క్యాబిన్‌లో చల్లదనపు యంత్రం ఉండి తీరవలెనని నియమం వచ్చింది. డ్రైవరుకు అది న్యాయమే. నడివేసవిలో ఇంజను ప్రక్కన కూర్చున్నవానికి తెలుసు దాని విలువ. ఐతే కర్ర క్యాబిన్ కట్టిన చేతులకు పని తగ్గిందనేదీ నిజమే. ఆ చేతులు గలవారు చాలామంది పెద్దవయస్సు వారు. వారు ఉండగానే కొలత తీసికోవలె.

ఇక కట్టడం సంగతి. 24వ వంతు కొలతలో మనకొక సౌకర్యం ఉన్నది. మేస్త్రీలు ఇంకా అడుగులలోనే మాట్లాడతారు. 24వ వంతు అంటే అడుగుకు సరిగా అర అంగుళం. 18 అడుగుల తొట్టె 9 అంగుళాలు. రేడియోలో ఒక వస్తువును కంటికి చూపలేము గనుక అంకెలే చెప్పవలసి వస్తున్నది. చదివేవారు అడుగుబద్ద తెచ్చుకొంటే మంచిది.

కొలతకు లారీ దొరకనప్పుడు ఛాయాచిత్రం ఉన్నది. క్రొత్త లారీ వచ్చిన నాడు దానికి పూలదండ వేసి, గుమ్మడికాయ కొట్టి, కుటుంబమంతా ముందు నిలిచి ఫొటో తీయించుకోవడం మనవారికి అలవాటు. విజయదశమి ఆయుధపూజ నాటి ఫొటోలు మరికొన్ని. అటువంటి ఫొటో ప్రక్కనుంచి తీసినదైతే దానిలోనే కొలబద్ద దాగి ఉన్నది. లారీ టైరు ప్రక్కన 9.00–20 అని అచ్చు ఉంటుంది. అంటే రిము 20 అంగుళాలు. టైరుతో కలిపి మొత్తం ఎత్తు 40 అంగుళాలకు కొంచెం అటూ ఇటూ. ఫొటోలో చక్రం ఎంత ఉన్నదో కొలిస్తే, అదే తలంలో ఉన్న ప్రక్కచెక్క ఎత్తు, గుంజల మధ్య ఎడం తేలిపోతాయి. ముందునుంచి తీసిన ఫొటోకు చక్రం పనికిరాదు. అక్కడ దీపాన్ని పట్టుకోవలె. అనేక లారీలకు గుండ్రని ముందు దీపం అడ్డుకొలత 7 అంగుళాలు. ట్రంకుపెట్టెలలో ఇటువంటి ఫొటోలు ఉన్న ఇండ్లు ఈ మూడు ఊళ్లలో ఎన్నో ఉంటాయి. వాటిని పారవేయక ముందు వెనుక ప్రక్క సంవత్సరం, ఊరు వ్రాసిపెడితే చాలా మేలు.

సంవత్సరం తెలిపేది నంబరు పలక కూడా. 1989లో క్రొత్త మోటారు వాహనాల చట్టం అమలులోకి వచ్చిన తరువాత నలగొండ జిల్లా బండి ఏ.పి. 24. రాష్ట్రం ఏర్పడిన తరువాత టి.ఎస్. 05. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా విడివడగా, సూర్యాపేట, కోదాడ బండ్లు టి.ఎస్. 29 అయ్యాయి; మిర్యాలగూడ నలగొండలోనే ఉండిపోయింది. 2024 మార్చి నుంచి క్రొత్త బండ్లకు టి.జి. ఒక అంగుళం పలకమీద ఇంత రాజ్యచరిత్ర ఉన్నది.

రంగు విషయంలో సర్కారువారే నమూనాకారునికి సహాయం చేశారు. ఇతర రాష్ట్రాలకు సరుకు మోయడానికి నేషనల్ పర్మిటు పద్ధతి 1975లో వచ్చింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో అటువంటి లారీకి ఎండుటాకు గోధుమ వన్నె వేయాలనీ, చుట్టూ 30 సెంటీమీటర్ల తెల్ల అంచు తీర్చాలనీ, రెండు ప్రక్కల 60 సెంటీమీటర్ల వలయంలో నేషనల్ పర్మిట్ అని వ్రాయాలనీ ఉండేది. మన కొలతకు అంచు పన్నెండున్నర మిల్లీమీటర్లు, వలయం 25. అక్కడితో సర్కారు కొలత ముగిసింది. వెనుక డాలా మీద ప్లీజ్ సౌండ్ హారన్, తామరపువ్వు, ఆవు దూడ, యజమాని పిల్లల పేర్లు — ఇవి రంగులవాని ఇష్టం. అచ్చుకాగితం అతికితే ఆ జీవం రాదు. రెండు వెండ్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి వ్రాయవలె.

అన్నిటినీ 24తో భాగిస్తే సరిపోతుందని అనుకొన్నవానికి వస్తువులు ఎదురు తిరుగుతాయి. క్యాబిన్ రేకు 1.2 మిల్లీమీటర్ల మందమైతే నమూనాలో 0.05. పానీయాల డబ్బా రేకు కూడా దానికి రెండింతలు. కాబట్టి రేకు అంచు కనబడే చోట్ల మాత్రం పలుచగా అరగదీసి, తక్కిన చోట్ల కంటిని మోసగించవలె. కర్రలో మరొక చిక్కు. లారీకి వాడిన టేకునే నమూనాకు వాడితే చెక్క నార 24 రెట్లు ముతకగా కనబడుతుంది. కర్రను చిన్నది చేయవచ్చు గాని నారను చిన్నది చేయలేము. నార కనబడని కలప కావలె. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర నునుపైనది, సన్ననిది. ప్రక్కచెక్కలకు, తరిమెన పట్టి చక్రాలు తీయడానికి కూడా బాగుంటుందని నా నమ్మకం. కొండపల్లి పొణికి మెత్తన. దాని అంచులు వ్రేలి ఒత్తిడికే నలుగుతాయి. ఈనాటి యువకులు మన ప్రాంతాల్లోను, కేరళ, తమిళనాడులలోను ఫోము పలకలను కోసి బస్సులు, లారీలు కడుతున్నారు. పని సులభం, ఫలితం ముచ్చటగా ఉంటుంది. కర్ర తొట్టెకు మాత్రం నేను కర్రనే కోరుతాను. టార్పాలుకు గుడ్డ పనికిరాదు. ఎంత సన్నని గుడ్డ అయినా కంబళివలె నిలుస్తుంది. పలుచని కాగితాన్ని జిగురునీటిలో ముంచి, తడి ఆరకముందే బస్తాల మీద పరిచి, దారపు మోకులతో లాగి కట్టవలె.

అన్నిటికంటె నేర్పు కావలసినది బరువు. పొడవు 24వ వంతుకు తగ్గితే బరువు 24ను మూడుమార్లు హెచ్చవేసినంత, అనగా 13,824వ వంతుకు తగ్గుతుంది. పది టన్నుల సరుకు 720 గ్రాములకు దిగుతుంది. క్వింటాలు బస్తా ఏడు గ్రాములు. కమాను పట్టీల బిరుసు మాత్రం 24వ వంతుకే తగ్గుతుంది. ఫలితమేమంటే, అదే ఉక్కుతో అదే తీరున సరిగా కొలతకు చేసిన కమాను, కొలత ప్రకారమైన బస్తాలకు వంగవలసినంత వంగదు. అందులో 24వ వంతే వంగుతుంది. పెద్ద లారీ మూడు అంగుళాలు దిగితే నమూనా అంగుళంలో ఎనిమిదో వంతు దిగవలె. దిగేది కంటికి ఆనదు. అందువల్ల సరుకు నిండిన లారీని చూపదలిచినవాడు కమాన్లను ముందే వంచి, వెనుక టైర్లను క్రింద కొంచెం అరగదీసి, బరువు ఉన్నట్లు నమ్మించవలె. ఎంత వంచాలో పుస్తకం చెప్పదు. నూకలదో, ధాన్యానిదో లోడు ఎక్కుతుంటే మిల్లు ముందు నిలబడి, చివరి బస్తా పడేదాకా వెనుక చక్రానికి, తొట్టెకు మధ్య సందును చూడవలె.

ఏ దశలో ఉన్న లారీని కట్టాలన్న ప్రశ్న ఒకటి ఉన్నది. దండ వేసిన నాటి క్రొత్త లారీ అందంగా ఉంటుంది. నేనైతే పదేండ్లు తిరిగినదానినే కట్టమంటాను. మార్చిన చెక్క రంగు వేరు, అతికిన మడ్గార్డు వేరు, ఒక కొక్కెం ఊడిపోయి తీగె చుట్టి ఉంటుంది. మిర్యాలగూడ మిల్లు ఆవరణలో నిలిచిన లారీ అయితే దానిమీద తవుడు దుమ్ము ఉండి తీరవలె. తవుడు దుమ్ముకు తవుడు వాడరాదు. నమూనా మీద అది గులకరాళ్లు పోసినట్లు కనబడుతుంది. సుద్దపొడిలో రవ్వంత పసుపు కలిపి, పలుచని గుడ్డలో మూట కట్టి, క్యాబిన్ మీద రెండుసార్లు, డాలా మీద మూడుసార్లు తట్టితే చాలు.